విడాకుల్లో భరణం, ఆస్తులు: చట్టం ఎంతవరకు, కాగితం ఎంతవరకు

విడాకులు తీసుకుంటే భర్త ఆస్తిలో సగం భార్యకు దక్కుతుందన్న నమ్మకం తెలుగునాట గట్టిగా పాతుకుపోయింది. అలా పోతుందేమోనని భయపడే భర్తలూ, అలా వస్తుందని నిబ్బరంగా ఉండే భార్యలూ ఇద్దరూ పొరబడుతున్నట్టే లెక్క. హిందూ వివాహ చట్టం, 1955లో గానీ, వేర్వేరు మతాలవారు ఎక్కువగా ఆశ్రయించే ప్రత్యేక వివాహ చట్టం, 1954లో గానీ దంపతుల ఆస్తిని చెరిసగం చేయాలన్న నియమం ఎక్కడా లేదు. గోవాలో మాత్రం పోర్చుగీసు కాలపు సివిల్ కోడ్ ప్రకారం, పెళ్లికి ముందు వేరే ఒప్పందం రాసుకోకపోతే, దంపతుల ఆస్తిని ఉమ్మడిదిగానే చూస్తారు. మిగతా దేశమంతటా కాగితం మీద ఎవరి పేరుంటే ఆస్తి వారిదే. భర్త స్థిరాస్తిలో భార్యకు కొంత వాటా ఇప్పించే అధికారం కోర్టులకు ఇవ్వాలని తలపెట్టిన సవరణ బిల్లు 2013లో రాజ్యసభ గడప దాటింది గానీ లోక్‌సభలో మురిగిపోయింది.

అందువల్ల చట్టం చేసే పని పరిమితమైనది. అది భరణం ఇప్పిస్తుంది, స్త్రీధనం (స్త్రీకి వచ్చిన నగలు, కానుకలు) వెనక్కి ఇప్పిస్తుంది, పిల్లల పోషణకు పూచీ పడుతుంది. పదిహేనేళ్ల కాపురంలో కూడబెట్టిన ఫ్లాటు, పొలం, డిపాజిట్లు, షేర్లు ఎవరికి పోవాలన్నది మాత్రం వాటి కాగితాల మీద ఉన్న పేరును బట్టో, ఇద్దరూ కుదుర్చుకున్న రాజీని బట్టో తేలుతుంది. విడాకుల కేసులో డబ్బుకు సంబంధించిన గెలుపోటములు చాలావరకు పిటిషన్ వేయకముందే, ఎవరి దగ్గర ఏ కాగితం ఉందన్న దాన్ని బట్టే నిర్ణయమైపోతాయి.

డిక్రీ లేని విడాకులు

పెద్దమనుషుల ఎదుట కూర్చుని, స్టాంపు కాగితం మీద 'ఇకమీదట ఒకరితో ఒకరికి సంబంధం లేదు' అని రాసుకుని, కట్నం లెక్క తేల్చుకుని, సాక్షుల సంతకాలతో విడిపోవడం ఇప్పటికీ పల్లెల్లోనే కాదు, పట్టణాల్లోనూ జరుగుతోంది. దాని మీద నోటరీ ముద్ర పడినా అది విడాకుల డిక్రీ, అంటే పెళ్లిని రద్దు చేస్తూ కోర్టు ఇచ్చే ఉత్తర్వు, కాదు. హిందూ వివాహ చట్టం పరిధిలోకి వచ్చే పెళ్లిని రద్దు చేయగలిగేది కోర్టే. కులాచారం ప్రకారం జరిగే విడాకులను ఈ చట్టంలోని సెక్షన్ 29 కాపాడుతుంది గానీ, అలాంటి ఆచారం ఆ కులంలో చాలాకాలంగా తెగకుండా నడుస్తోందని రుజువు చేయాల్సిన భారం దాన్ని చెప్పుకునేవారి మీదే ఉంటుంది. ఈ కాగితాన్ని నమ్ముకుని చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు. ఆ సంగతి చాలా ఇళ్లలో ఆ మనిషి పోయాక, ఫ్యామిలీ పెన్షన్ కోసం ఇద్దరు స్త్రీలు ఒకే కార్యాలయంలో దరఖాస్తులు పెట్టినప్పుడు గానీ బయటపడదు.

కోర్టు దారి రెండు పాయలు. సెక్షన్ 13 కింద ఒకరు మరొకరి మీద వేసే పిటిషన్‌లో క్రూరత్వం, రెండేళ్లకు తగ్గకుండా విడిచిపెట్టి ఉండటం, వ్యభిచారం వంటి కారణాల్లో ఏదో ఒకటి రుజువు చేయాలి. 'కాపురం ఇక అతకదు' అన్నది ఈ చట్టంలో కారణం కాదు. ఆ ప్రాతిపదిక మీద పెళ్లిని రద్దు చేసే అధికారం రాజ్యాంగంలోని 142వ అధికరణ కింద తనకుందని 2023 మే నెలలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది గానీ, ఆ అధికారం ఫ్యామిలీ కోర్టుకు లేదు. రెండోది 1976లో చేర్చిన సెక్షన్ 13బి, అంటే పరస్పర అంగీకారం. ఏడాదికి తగ్గకుండా విడిగా ఉన్న దంపతులు కలిసి పిటిషన్ వేస్తారు, ఆరు నెలల తర్వాత, పద్దెనిమిది నెలలు దాటకుండా మళ్లీ వచ్చి అదే మాట చెబుతారు. ఈ ఆరు నెలల గడువు తప్పనిసరి కాదని, మళ్లీ కలిసే దారులు మూసుకుపోయి, భరణం, పిల్లల విషయాలు పూర్తిగా తేలిన కేసుల్లో కోర్టు దాన్ని మాఫీ చేయవచ్చని సుప్రీంకోర్టు 2017లో తేల్చింది.

క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం, ముస్లింలకు వారి వైయక్తిక చట్టం వర్తిస్తాయి. అయినా నెలవారీ మనోవర్తి (పోషణ ఖర్చు) విషయంలో ఒక ఉమ్మడి దారి ఉంది. ఒకప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 125, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 144గా మారింది. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా ఆ దారిలో మనోవర్తి కోరవచ్చని 2024 జులైలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ కేసు వెళ్లింది తెలంగాణ నుంచే.

భరణం లెక్క

కేసు నడుస్తుండగా ఖర్చులకు ఇప్పించేది మధ్యంతర భరణం, డిక్రీతో పాటు లేదా ఆ తర్వాత ఇప్పించేది శాశ్వత భరణం. హిందూ వివాహ చట్టంలోని సెక్షన్లు 24, 25 ఈ రెంటినీ భార్యాభర్తలిద్దరికీ వర్తింపజేశాయి. సంపాదన లేని భర్త సంపాదించే భార్యను అడగవచ్చు. ఒకే స్త్రీ గృహహింస నిరోధక చట్టం, 2005 కింద ఒకచోట, మనోవర్తి సెక్షన్ కింద మరోచోట, విడాకుల కేసులో ఇంకోచోట భరణం కోరే వీలుంది గానీ, ఒకచోట వచ్చినదాన్ని మరోచోట లెక్కలోకి తీసుకుంటారు. పాత కేసుల సంగతి దాచిపెట్టకుండా చెప్పాల్సిన బాధ్యత అడిగేవారిది.

ఈ లెక్కలకు ఒక క్రమాన్ని తెచ్చింది 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. భరణం అడిగేవారూ ఇవ్వాల్సినవారూ ఇద్దరూ తమ ఆస్తి, అప్పుల వివరాలతో అఫిడవిట్ దాఖలు చేయడం తప్పనిసరైంది. భరణం దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కకు వస్తుంది. ఆ అఫిడవిట్ నమూనాల్లో వ్యవసాయ కుటుంబాలకు వేరే నమూనా ఉండటం తెలుగు రాష్ట్రాలకు ముఖ్యమైన విషయం. జీతం స్లిప్పు లేదు కాబట్టి ఆదాయమే లేదని రైతు కుటుంబపు భర్త వాదించడం అంతకుముందు మామూలు సంగతి. ఇప్పుడు ఎంత భూమి, ఏ పంట, కౌలు ఎంత అన్నవి ప్రమాణపూర్వకంగా చెప్పాలి. చెప్పింది నిజమో కాదో అవతలిపక్షం సరిచూసుకోవడం కూడా ఒకప్పటంత కష్టం కాదు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి తీసే ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం), ఆంధ్రప్రదేశ్‌లో 1బి, అడంగల్ అనే భూమి రికార్డులు, తెలంగాణలో భూభారతి రికార్డులు చాలావరకు గుట్టు విప్పుతాయి. ఉద్యోగి అయితే జీతం, పన్ను కోత వివరాలుండే ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంట్లు చాలు. ఇబ్బంది వచ్చేది నగదుతో వ్యాపారం చేసేవారి దగ్గరే. అక్కడ పిల్లల స్కూలు ఫీజులు, కారు, ప్రయాణాలు వంటి జీవన స్థాయి నుంచి ఆదాయాన్ని అంచనా వేయడం తప్ప కోర్టుకు వేరే దారి ఉండదు.

మొత్తం ఎంత ఉండాలన్న దానికి చట్టంలో సూత్రం లేదు. భర్త చేతికి వచ్చే నికర జీతంలో నాలుగో వంతు సముచితమని సుప్రీంకోర్టు 2017లో ఒక కేసులో అన్న మాటను చాలామంది వకీళ్లు బండగుర్తుగా వాడతారు. అది బండగుర్తే, నియమం కాదు. నెలకు 80,000 రూపాయలు చేతికి వచ్చే ఉద్యోగి విషయంలో బేరం 20,000 దగ్గర మొదలవుతుందనుకుంటే, తన హోమ్ లోన్ ఈఎంఐ 35,000 అని అతను చూపిస్తాడు. పన్ను, పీఎఫ్ వంటి చట్టబద్ధమైన కోతలను కోర్టులు మినహాయిస్తాయి గానీ, తానే పెట్టుకున్న అప్పులను, పొదుపులను సాధారణంగా మినహాయించవు. అవతలివైపు భార్య ఎంబీఏ చదివింది, ఉద్యోగం చేయగలదు అన్న వాదన వస్తుంది. చేయగల సామర్థ్యం ఉండటం వేరు, సంపాదన ఉండటం వేరు అని కోర్టులు పదేపదే చెప్పాయి; పిల్లల కోసం ఉద్యోగం మానుకున్న ఏళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలని 2020 తీర్పు చెప్పింది. ఇంటి చాకిరీకి విలువ కట్టే సందర్భం మన వివాహ చట్టాల్లో దాదాపు ఇదొక్కటే, అదీ పరోక్షంగా.

వసూలు సంగతి వేరే కథ. మనోవర్తి ఎగ్గొడితే ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలు వేసే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది, కాకపోతే బకాయి పడిన ఏడాదిలోపు దరఖాస్తు పెట్టుకోవాలి. నాలుగేళ్లు ఊరుకుని ఒక్కసారిగా వెళ్తే ఆ దారి మూసుకుపోతుంది. భరణం డిక్రీ అమల్లో జీతం జప్తు చేయాల్సి వస్తే, సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని సెక్షన్ 60 ప్రకారం జీతంలో మూడో వంతుకు మాత్రమే జప్తు నుంచి రక్షణ ఉంటుంది. మామూలు అప్పు డిక్రీల్లో ఉద్యోగికి దొరికే రక్షణతో పోలిస్తే ఇది చాలా తక్కువ. ఇక నోటీసు అందగానే పొలాన్ని తమ్ముడి పేర గిఫ్ట్ సెటిల్‌మెంట్ చేయడమన్నది అందరికీ తెలిసిన ఎత్తుగడ. ఆస్తి బదలాయింపు చట్టంలోని సెక్షన్ 39 దానికి చాలావరకు అడ్డుకట్ట వేస్తుంది: ఆస్తి లాభాల నుంచి మనోవర్తి పొందే హక్కు ఒకరికి ఉన్నప్పుడు, ఆ ఆస్తిని ఉచితంగా పుచ్చుకున్నవారి మీద కూడా ఆ హక్కు నడుస్తుంది. శాశ్వత భరణానికి భర్త స్థిరాస్తిని పూచీగా కట్టిపడేసే అధికారం హిందూ వివాహ చట్టంలోని సెక్షన్ 25లో కోర్టుకు ఉన్నా, దాన్ని పిటిషన్‌లో అడిగేవారు తక్కువ. అడగకపోతే కోర్టు తనంతట తాను ఇస్తుందని ఆశించలేం.

బంగారం, పసుపు కుంకుమ భూమి, ఇల్లు

పెళ్లికి ముందు, పెళ్లిలో, ఆ తర్వాత స్త్రీకి వచ్చిన నగలు, కానుకలు ఆమె సొంతం. బీరువా అత్తగారిదైనా, లాకరు భర్త పేరున ఉన్నా వాళ్లు కేవలం దాచిపెట్టిన వాళ్లే, యజమానులు కారు. సుప్రీంకోర్టు 1985 నుంచీ చెబుతున్న మాట ఇది. పెళ్లిలో ఇచ్చిన బంగారం కూతురి అత్తింటివారి నుంచి ఇప్పించాలంటూ తెలంగాణకు చెందిన ఒక తండ్రి నడిపిన కేసును కొట్టేస్తూ 2024 ఆగస్టులో ఇదే సూత్రాన్ని కోర్టు మరోవైపు నుంచి చెప్పింది: స్త్రీధనం మీద హక్కు ఆమెకే, ఆమె అధికారం ఇవ్వనిదే తండ్రి కూడా అడగలేడు. ఆ కూతురు అప్పటికే విడాకులు పొంది, మళ్లీ పెళ్లి కూడా చేసుకుంది.

హక్కు ఇంత స్పష్టంగా ఉన్నా రుజువు దగ్గరే చిక్కు. పెళ్లి కానుకల జాబితా రాసి వధూవరులు సంతకాలు చేయాలని 1985 నాటి నియమాలు చెబుతున్నా, అలాంటి జాబితా రాసిన పెళ్లి ఎక్కడా కనిపించదు. కోర్టులో పనికొచ్చేవి దుకాణం బిల్లులు, పెళ్లి ఫోటోలు, లాకరు రిజిస్టరులో సంతకాలున్న తేదీలు, బంగారం తాకట్టు పెట్టి ఉంటే ఆ లోన్ కాగితాలు. నగదుగా ఇచ్చిన కట్నానికి ఏ కాగితమూ ఉండదు, పైగా కట్నం ఇవ్వడం కూడా నేరమే కాబట్టి చెప్పడానికి పుట్టింటివారు జంకుతారు. బాధితులు ఇచ్చే వాంగ్మూలం ఆధారంగా వారి మీదే కేసు పెట్టరాదని వరకట్న నిషేధ చట్టంలోని సెక్షన్ 7 భరోసా ఇస్తోంది. సెక్షన్ 6 ప్రకారం ఆ కట్నం ఎవరు పుచ్చుకున్నా పెళ్లికూతురికి అప్పగించి తీరాలి.

పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూమిది ఇంకో రకం చిక్కు. నోటిమాటగా ఇచ్చి, పంట మాత్రం కూతురికి పంపుతున్న భూమికి చట్టం దృష్టిలో యజమాని తండ్రే. స్థిరాస్తి దానం రిజిస్టరు దస్తావేజుతోనే చెల్లుతుంది. నష్టం ఎక్కువగా జరిగేది రిజిస్ట్రేషన్ అల్లుడి పేర చేసినప్పుడు, లేదా ఆ భూమి అమ్మి వచ్చిన డబ్బుతో అల్లుడి పేర నగరంలో ఫ్లాటు కొన్నప్పుడు. ఆ డబ్బు బ్యాంకు ద్వారా నడిచి ఉంటే ఫలానా అమ్మకం సొమ్ము ఫలానా కొనుగోలులోకి వెళ్లిందని చూపించవచ్చు. నగదుగా నడిస్తే అది సాక్షుల మాటల మీద ఆధారపడిన కేసు అవుతుంది, ఆ సాక్షులు సొంత అన్నదమ్ములే కావడంతో కోర్టులు వాటిని జల్లెడ పట్టి చూస్తాయి. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా కల్పించిన తొలి రాష్ట్రాల్లో 1985 సెప్టెంబరు నుంచి అమలైన సవరణతో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అయినా ఆ వాటాను పెళ్లి ఖర్చులో సరిపెట్టేసి, మిగిలినదాన్ని అల్లుడి పేర రాసే అలవాటు తగ్గలేదు.

ఉంటున్న ఇంటి మీద మాత్రం, పేరుతో పని లేకుండా, భార్యకు నివాస హక్కు ఉంది. గృహహింస చట్టం కింద ఆ ఇల్లు అత్తమామల పేర ఉన్నా అది కాపురం చేసిన ఉమ్మడి నివాసం కావచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఉండే హక్కే తప్ప ఇంట్లో వాటా కాదు. ఈ తేడాను వాయిదాల మధ్యలో ఎవరూ వివరించి చెప్పకపోవడంతో, నివాస ఉత్తర్వు వచ్చినప్పుడు ఇల్లే వచ్చేసిందనుకునేవారు ఉన్నారు.

ఇద్దరి పేరా ఫ్లాటు, ఇద్దరి పేరా లోన్ ఉన్న దంపతులు విడిపోతే, 'ఇకమీదట ఈఎంఐ భర్తే కడతాడు' అని రాజీలో రాసుకుంటారు. ఆ రాజీలో బ్యాంకు పక్షం కాదు. అతను కట్టడం ఆపేసిన రోజున నోటీసు ఇద్దరికీ వస్తుంది, సిబిల్ స్కోరు ఇద్దరిదీ పడిపోతుంది. లోన్‌ను ఒక్కరి పేరుకు మార్పించడమో, తీర్చేయడమో జరిగి, రెండోవారిని బాధ్యత నుంచి తప్పించినట్టు బ్యాంకు రాతపూర్వకంగా ఇచ్చేదాకా ఆ వాక్యానికి విలువ లేదు.

రాజీ పత్రం

పరస్పర అంగీకారపు కేసుల్లో అసలు ఆస్తి పంపకం జరిగేది ఈ పత్రంలోనే. అంత ముఖ్యమైన కాగితాన్ని వకీలు ఆఫీసులో పాత కేసు నుంచి పేర్లు మార్చి టైపు చేయించడం మాత్రం విచారకరం. ఏకమొత్తమా, నెలవారీనా అన్నది మొదటి ప్రశ్న. నెలకు 15,000 బదులు 25 లక్షలు ఒకేసారి తీసుకుని ఏడాదికి 7 శాతం వడ్డీ వచ్చేచోట పెడితే నెలకు దాదాపు 14,600 వస్తుంది, అసలు అలాగే ఉంటుంది. కానీ పదేళ్ల తర్వాత ఆ 14,600కు ఇప్పటి విలువ ఉండదు. నెలవారీ భరణాన్ని ధరలు పెరిగినప్పుడు పెంచమని అడిగే వీలు ఉన్నా, పునర్వివాహంతో అది రద్దయ్యే ప్రమాదమూ, ప్రతి నెలా మాజీ భర్త దయ కోసం ఎదురుచూడాల్సిన అవస్థా ఉన్నాయి. ఏకమొత్తం ఆదాయం కాదు, మూలధనం (క్యాపిటల్) కిందికి వచ్చే సొమ్ము కాబట్టి దాని మీద పన్ను ఉండదని, నెలవారీ భరణం ఆదాయమేనని బాంబే హైకోర్టు 1980లలోనే చెప్పింది. ఇచ్చేవారికి మాత్రం ఎలా ఇచ్చినా పన్ను మినహాయింపు లేదు. డబ్బు ఎగ్గొట్టే చరిత్ర ఉన్నచోట ఏకమొత్తమే మేలు.

స్థిరాస్తి చేతులు మారాల్సి ఉంటే రిజిస్ట్రేషన్ డిక్రీకి ముందే పూర్తి చేసుకోవడం మంచిది. కుటుంబ సభ్యుల మధ్య గిఫ్ట్‌కు ఉండే స్టాంపు డ్యూటీ రాయితీ భార్యాభర్తలకు వర్తిస్తుంది, మాజీ భార్యాభర్తలకు కాదు. ఆదాయపు పన్ను చట్టంలోని బంధువుల నిర్వచనంలోనూ భర్త, భార్య ఉన్నారే గానీ మాజీలు లేరు. అయితే ఇచ్చేవారికి ఇక్కడ న్యాయమైన భయం ఒకటి ఉంది. డిక్రీ వచ్చేదాకా ఎవరైనా తమ అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. అందుకే డబ్బును విడతలుగా చేసి, కొంత మొదటి హాజరుకు, మిగిలినది డీడీ రూపంలో రెండో హాజరు రోజున కోర్టులోనే అందించడం, రిజిస్ట్రేషన్‌ను ఆ రెండో హాజరుకు కొద్ది రోజుల ముందు పెట్టుకోవడం, మాట తప్పితే పుచ్చుకున్నది తిరిగి ఇవ్వాలన్న షరతు రాయడం ఆనవాయితీ. వరకట్న వేధింపుల కేసు నడుస్తుంటే దాన్ని హైకోర్టులో కొట్టేయించుకోవడానికి సహకరించే తేదీ కూడా అందులో ఉండాలి.

పిల్లల విషయంలో మాత్రం ఈ పత్రానికి పరిమితి ఉంది. 'పిల్లల కోసం భవిష్యత్తులో ఏమీ అడగను' అని తల్లి సంతకం పెట్టినా పిల్లల హక్కు పోదు. ఆ హక్కు ఆమెది కాదు కాబట్టి వదులుకునే అధికారమూ ఆమెకు లేదు. పోషణ ఖర్చుతో పాటు కాలేజీ ఫీజులు, ఆరోగ్య బీమా ఎవరు భరిస్తారన్నది కూడా విడిగా రాసుకోని పత్రం, పిల్లలు ఇంటర్ దాటగానే మళ్లీ కోర్టు మెట్లు ఎక్కిస్తుంది. బీమా పాలసీలు, పీఎఫ్, బ్యాంకు ఖాతాల్లోని నామినీ పేర్లు డిక్రీ వచ్చినంత మాత్రాన వాటంతటవే మారవు. ఒక్కొక్కటి వెళ్లి మార్పించుకోవాల్సిందే.

అమెరికా డిక్రీ

1975లో తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో తొంభై రోజుల నివాసం చూపించి విడాకుల డిక్రీ తెచ్చుకుని, 1981లో యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య పెట్టిన ద్విభార్యా కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ విదేశీ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో కోర్టు చెప్పింది: 'కాపురం ఇక అతకదు' అన్న ఆ డిక్రీ కారణం హిందూ వివాహ చట్టంలో లేదు, భార్య ఆ కోర్టు అధికారానికి లోబడనూ లేదు. అవతలిపక్షం ఇష్టపూర్వకంగా హాజరై వాదించినా, విడాకులకు ఒప్పుకున్నా మినహాయింపు ఉంటుందని కూడా అదే తీర్పు చెప్పింది. కాబట్టి అక్కడి నుంచి నోటీసు వచ్చినప్పుడు ఏమీ చేయకుండా ఊరుకోవడం, సంతకం చేసి పంపడం రెండూ ఒకటి కాదు; రెండోదానితో డిక్రీ ఇక్కడ కూడా నిలబడవచ్చు.

తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన టెక్సస్, కాలిఫోర్నియాలలో కాపురంలో సంపాదించిన ఆస్తి ఉమ్మడిదే. మొదట చెప్పిన సగం వాటా మాట అక్కడ చాలావరకు నిజం. హైదరాబాద్‌లో కొన్న ప్లాటును కూడా అక్కడి కోర్టు లెక్కలోకి తీసుకుని ఆ విలువ మేరకు సర్దుబాటు చేయగలదు, కానీ ఇక్కడి సబ్ రిజిస్ట్రార్ పుస్తకంలో పేరు మార్చలేదు. పైగా డబ్బు డిక్రీలను నేరుగా అమలు చేసే పరస్పర ఏర్పాటు మన దేశానికి బ్రిటన్, సింగపూర్, యూఏఈ వంటి దేశాలతో ఉంది గానీ అమెరికాతో లేదు. అక్కడి డిక్రీ ఆధారంగా ఇక్కడ కొత్తగా దావా వేయాల్సి వస్తుంది. రెండు దేశాల్లోనూ ఆస్తులున్న దంపతులు అక్కడ రాజీ కుదిరాక, ఇక్కడి స్థిరాస్తికి సంబంధించిన దస్తావేజులను విడిగా, ఇద్దరూ ఇంకా సంతకాలు పెట్టే స్థితిలో ఉన్నప్పుడే, అవసరమైతే కాన్సులేట్‌లో ధృవీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ ద్వారా రిజిస్టరు చేయించుకోవాలి.